క్రీడ వేరు, పణం వేరు

వృత్తిక్రీడలలోని కల్మషాన్ని చూసి ఖిన్నులైనవారు అనేకులు క్రీడనే పరిత్యజిస్తున్నారు. ఆ ఖేదానికి కారణం లేకపోలేదు. 2013లో ఐపీఎల్ క్రీడాకారులు స్పాట్ ఫిక్సింగ్ ఆరోపణలపై అరెస్టయ్యారు. 2015లో లోధా కమిటీ చెన్నై, రాజస్థాన్ జట్ల యాజమాన్యాలను రెండేళ్లపాటు బహిష్కరించింది. 2017లో నెల్లూరులోనే క్రికెట్ పందేల ముఠాలపై పోలీసులు దాడులు జరిపారు. భక్తితో సమానమైన అభిమానంతో చూసిన ఆట వెనుక బేరం ఉన్నదని తెలిస్తే మనస్సు విరగడం సహజం. అయితే ఈ విరక్తి వైరాగ్యమేనా?

పాణినీయ ధాతుపాఠంలో 'దివ్' ధాతువుకు పది అర్థాలున్నాయి. మొదటిది క్రీడ, రెండవది విజిగీష, అనగా గెలవాలనే కోరిక, మూడవది వ్యవహారం, అనగా క్రయవిక్రయం. 'దేవ' శబ్దమూ, జూదమనే అర్థం గల 'ద్యూత' శబ్దమూ ఈ ఒక్క ధాతువునుండే పుట్టాయి. క్రీడ విజిగీషగా, విజిగీష వ్యవహారంగా దిగజారే క్రమమే నేటి మైదానాలలో కనిపిస్తున్నది. మూలం మాత్రం నిర్దోషం.

ఆటను వృత్తిగా స్వీకరించడమే దోషమా? నెల్లూరు సీమకు చెందిన తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వంతో ఆరంభించాడు. అందులో ధర్మరాజు కంకుడనే పేరుతో పాచికల నేర్పునే జీవికగా చేసుకొని విరాటుని కొలువులో ఉంటాడు. సభాపర్వంలో తమ్ములను, తనను, ద్రౌపదిని పణంగా ఒడ్డినవాడూ ఆయనే. పాచికలు మారలేదు, ఆడేవాని చిత్తం మారింది. విజయోత్సాహంతో విరాటుడు జూదానికి పిలిచినప్పుడు, దాని అనర్థాలను చెప్పి వారించినవాడు ఆ కంకుడే. కనుక వేతనం పుచ్చుకొని నిష్ఠగా ఆడే క్రీడాకారుడు నింద్యుడు కాడు. ఫలాన్ని ముందే అమ్ముకొనేవాడు, ఆ ఫలంపై ఇల్లు ఒడ్డేవాడు - దోషం ఆ ఇద్దరిది.

బ్రహ్మసూత్రాలు సృష్టిని ఈశ్వరుని లీలగా నిరూపించాయి. ఆప్తకాముడైన ఆయనకు దానివలన పొందవలసినదేమీ లేదు. ఆ లీలాలేశం మైపాడు తీరంలో ఇసుకపై చెడుగుడు ఆడే పిల్లలలో గోచరిస్తుంది. అక్కడ బహుమతి లేదు, ప్రేక్షకులు లేరు. కూత పెట్టినవాడు ఊపిరి బిగబట్టి, మనస్సును ఒక్క శబ్దంపై నిలిపి, అవతలి బరిలోకి ప్రవేశిస్తాడు. ఊపిరి తెగేలోగా గీత చేరాలి. చిక్కినవాడు పక్కకు తప్పుకొంటాడు. తోటివాడు పాయింటు తెస్తే మరల లేచి వస్తాడు. దేహదార్ఢ్యం, శ్వాసనియమం, ఏకాగ్రత, ఓటమిని నవ్వుతూ స్వీకరించే సమత్వం - ఏ గురువూ ఎదుట కూర్చుండబెట్టి బోధించకుండానే ఇవి అలవడుతాయి.

ఇతరుల గెలుపోటములను తెరపై చూసి ఉప్పొంగినవాడే అదే తెరను చూసి కుంగిపోతాడు. ఆ కుంగుబాటు రాగానికి రెండవ ముఖమేకాని వైరాగ్యం కాదు. సాధకుడు విడువవలసినది పణాన్ని, పరాశ్రితమైన ఉద్వేగాన్ని. ఆ తరువాత సాయంకాలం పిల్లలతో కలసి బరిలోకి దిగడానికి అతనికి ఏ అడ్డూ ఉండదు.