మన పాఠశాలకు రేడియోసంఘ మేల వలయును?

ప్రతివత్సరమును ఈ సంచికయందు ఆటలనుగూర్చియు, తోటపనినిగూర్చియు, నాటకములనుగూర్చియు వ్రాయుట వాడుక. ఈ యేడు మేము మఱియొక వినోదమును చదువరుల యెదుట నుంచదలచితిమి. అది ఔత్సాహిక రేడియో. దీని నభ్యసించువారిని లోకమున హాములందురు. ప్రభుత్వము పెట్టు పరీక్షలో నుత్తీర్ణులై, అనుమతిపత్రమును బడసి, ధనాపేక్ష లేక, తమ యింటనున్న చిన్న యంత్రముతో దేశదేశములవారితో సంభాషించువారే వీరు. ఇట్టివారి సంఘ మొకటి మన పాఠశాలయందు నెలకొనవలెనని మా యభిప్రాయము. ఇది కేవలము వేడుకకొఱకు గాదు. కారణమును క్రమముగా విన్నవింతుము.

మొదట హాము దినచర్య యెట్లుండునో చూతము. అతడు గుమాస్తాయో, ఉపాధ్యాయుడో, దుకాణదారుడో కావచ్చును. వేకువనే లేచి, కాఫీ త్రాగుచు, యంత్రమును 7 మెగాహెర్ట్జుల దగ్గఱకు త్రిప్పి చెవి యొగ్గును. కొన్నివందల మైళ్ల దూరమున నున్న మిత్రులు ఆ వేళ ఒకరినొకరు పలుకరించుకొందురు. ప్రతివానికిని ప్రభుత్వ మొసగిన పిలుపుగుర్తు కలదు. మనదేశపు గుర్తులు సామాన్యముగా ‘వీ యూ’ అను నక్షరములతో మొదలగును. సాయంకాలము పని ముగించి వచ్చి, అతడు 14 మెగాహెర్ట్జులకు మరలును. భూమికి చాల యెత్తున, సూర్యకిరణములచే విద్యుత్పూరితమైన వాయుమండలభాగము కలదు. రేడియోతరంగములు దానిలో వంగి మరల నేలకు దిగును. అందువలన ఏలూరిలో దీపములు పెట్టువేళ, ఇంకను మధ్యాహ్నముగా నున్న ఇంగ్లండు పల్లెలో, తన పెరటిలో తీగ కట్టుకొని కూర్చున్న వృద్ధునితో మాటాడుట సాధ్యమగును. వారు చెప్పుకొనునవి గొప్పసంగతులు గావు. పేరు, ఊరు, వాన, యెండ, గొంతు యెంత స్పష్టముగా వినబడినది—అంతియే. పిదప తేదీని, కాలమును పుస్తకమున వ్రాసికొని, గుర్తుగా నొక కార్డును టపాలో పంపుదురు. వ్యాపారపు మాటలును, పాటల ప్రసారమును ఇందు నిషిద్ధములు.

ఈ విద్య నిన్న మొన్నటిది గాదు. 1901 డిసెంబరు 12వ తేదీన, ఇంగ్లండులోని కార్న్‌వాల్ తీరమున పోల్డూనుండి వెలువడిన మూడుచుక్కల సంజ్ఞ అట్లాంటిక్ సముద్రమున కావల న్యూఫౌండ్‌లాండులో వినబడినదని మార్కొనీ ప్రకటించెను. 1913లో లండనునందు ఔత్సాహికుల సంఘము వెలసెను. మనదేశమున 1921లో అమరేంద్రచంద్ర గుప్తు, ముకుల్ బోసు అనువారు మొదటి హాములైరి. తెలుగునాట 1983లో హైదరాబాదునందు జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ స్థాపితమయ్యెను.

ఇక ముఖ్యమైన కారణము. మనది కొల్లేటిసీమ. కృష్ణా గోదావరుల నడుమ నేల పళ్లెమువలె పల్లమై యున్నది. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు మొదలగునవి తమ నీటిని ఇందు చేర్చును. సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే దారి. కావున నీరు వచ్చుట వడిగను, పోవుట మెల్లగను జరుగును. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోని పలుపేటలను ముంచినసంగతి అందఱెఱిగినదే. ఆ యేటినీరు తుదకు చేరునది మన కొల్లేటికే. అట్టి దినములలో లంకగ్రామముల దారులు మునుగును, విద్యుత్తు నిలుచును. సెల్‌ఫోను స్తంభము బ్యాటరీతో కొన్నిగంటలు పనిచేసి, పిమ్మట మూగపోవును. అప్పుడు చేత ఫోనున్నను నోట మాట లేనట్లే.

1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టినపుడు వేలకొలది జనులు మరణించిరి. తంతితీగలు తెగి, దారులు పాడై, ఆ పల్లెల గతి యేమైనదో బయటివారికి వెంటనే తెలియకపోయెను. దీనికి భిన్నమైన యుదాహరణ మొకటి చెప్పెదము. 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ పక్షమున భారతీప్రసాదు అను నామె కొందఱితో అండమానుదీవులకు పోయి, పోర్టుబ్లెయిరున హాముకేంద్రమును నడపుచుండెను. వారు పోయినది అభిరుచిచేతనే. 26వ తేదీన భూకంపమును, సునామియు సంభవించి టెలిఫోనులు నిలిచిపోగా, ఆ యంత్రమే దీవులకును దేశమునకును నడుమ క్షేమసమాచారములను మోసెను. ముందుగా తీగ కట్టియుండుటచేత గదా యది సాధ్యమయ్యెను! ఆపద వచ్చినపిదప నేర్చుకొందమనుట, ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుటవంటిది.

అందఱచేతను ఫోనులున్న యీ కాలమున ఇది పాతసామాను గాదా యని కొందఱు తలిదండ్రులు ప్రశ్నింపవచ్చును. ఫోనుమాటకు స్తంభము, తీగ, విద్యుత్తు, దూరముననున్న కార్యాలయము—ఇవియన్నియు చక్కగా నుండవలెను. ఇద్దఱు హాముల నడుమ ఆకాశము దక్క వేఱొకటి యక్కఱలేదు. మోటారుకారునందలి 12 వోల్టుల బ్యాటరీ చాలును. యంత్రము ఖరీదైనదందురు. నిజమే; కాని పాఠశాలకంతకు నొక్కటి చాలును. 7 మెగాహెర్ట్జులకు వలయు తీగ యించుమించు 20 మీటర్లు. దానిని కట్టుటకు రెండు కొబ్బరిచెట్లు చాలును. అవి మనసీమలో కొఱత గావు. చదువు చెడునందురు. తరంగమనగా నేమో, విద్యుత్ప్రవాహమనగా నేమో నల్లబల్లపై గీసినదానికన్న, తన చేత కట్టిన తీగలో విన్నవానికి మనసున నాటును.

అయినను ఉన్నది లేనట్టు చెప్పరాదు. హాము వరద నాపలేడు. గాలివానకు తీగ తెగవచ్చును. సూర్యుని స్థితినిబట్టి కొన్ని దినములు పిలుపు దూరము పోకుండవచ్చును. ఉరుములవేళ తీగను విప్పక యంత్రముకడ కూర్చుండుట ప్రాణాపాయము. అందుచేతనే నిత్యాభ్యాసమును, పెద్దల పర్యవేక్షణమును వలయును. అనుమతిలేక మాటాడుట నేరము గావున, పిల్లలు మొదట వినుటయే నేర్చుకొనవలెను. 12 ఏండ్లు నిండినవారు పరీక్షకు పోవచ్చును. మొదటితరగతి పత్రమునకు మోర్సుసంజ్ఞల పరీక్షయు లేదు.

కావున పెద్దతరగతులనుండి పదిమందిని, అందును లంకలనుండి వచ్చు విద్యార్థులను ముందుగా నెన్నుకొని, భౌతికశాస్త్రోపాధ్యాయుల చేతిక్రింద వారమున కొక సాయంకాలము శిక్షణ మిప్పింపవలెనని అధికారులను ప్రార్థించుచున్నాము. లంక కొక్క పిల్లవాడో, పిల్లయో ఈ విద్య నెఱిగియున్నను, వఱదరాత్రి ఆ యూరు ఒంటరి గాదు.

హాము తన మాట ముగింపగానే ‘ఓవర్’ అని చెప్పి, మీట వదలి, ఎదుటివానికొఱకు చెవి యొగ్గును. మేమును మా మాటను ముగించితిమి. ఇక తలిదండ్రులు, ఉపాధ్యాయులు సెలవిత్తురుగాక. వినుటకు సిద్ధముగ నున్నాము.