ఇల్లు పీకి పందిరి వేయొద్దు!



కంప్యూటర్‌కు కొత్తగా ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన తర్వాత తెర మీద ఏదైనా ఎర్రర్ కనబడితే మన చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కటే మాట అంటారు. "ఫార్మాట్ కొట్టించాలి!" తెర మీద ఏం రాసి ఉందో చదివేవాళ్లు లేరు. చదివినా రాసుకునేవాళ్లు అసలే లేరు. ఈ పద్ధతి మారాలన్నది నా అభిప్రాయం. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ అంతా తుడిచేసి మళ్లీ వేయడమంటే ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. ముందు చదవాలి, తర్వాత రాసుకోవాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ఇందులో మొదటి రెండు పనులు విద్యార్థులమైన మనమే చేయగలం.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలని నియమం. పాత కంప్యూటర్లలో చాలావాటికి ఆ చిప్పు లేదు. వాటికి ఉబుంటు లాంటి లినక్సు వేసుకోవచ్చు. ఏది వేసినా పాత డబ్బాలో కొత్త సిస్టమ్ పెట్టినప్పుడు నాలుగు రోజులు చిక్కులు తప్పవు. కొత్త వార్డెన్ వచ్చిన హాస్టల్ కూడా మొదటి వారం అలాగే ఉంటుంది గదా!

ఎర్రర్ తిట్టు కాదు

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎర్రర్ రాగానే మనం "నేనేం చేయలేదు మేడం" అంటాం. కంప్యూటర్ మనల్ని తిట్టడం లేదు. తనకు ఎక్కడ నొప్పి ఉందో చెబుతోంది, అంతే.

అయితే మన భయానికి కారణం ఉంది. మా ఇంట్లో మాట్లాడేది కోయ. తెలుగు బడికొచ్చాక పట్టుబడింది. ఇంగ్లీషు ఇంకా పట్టుబడుతూనే ఉంది. కంప్యూటర్ మాత్రం నేరుగా మూడో భాషలోనే మాట్లాడుతుంది. అందుకని కంగారుపడి "ఓకే" బటన్ నొక్కేస్తాం. తెర మీది మాట మాయమైపోతుంది. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పిన తాతల మనవరాళ్లం మనం. ఉన్న ఒక్క జాడనూ మన చేత్తోనే చెరిపేసుకుంటే ఎట్లా?

నిజానికి ఆ ఇంగ్లీషు పెద్ద కష్టం కాదు. అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. నాట్ ఫౌండ్ అంటే దొరకలేదు. మిస్సింగ్ అంటే ఉండాల్సింది లేదు. యాక్సెస్ డినైడ్ అంటే అనుమతి లేదు. ఇన్‌వాలిడ్ అంటే చెల్లదు. కరప్ట్ అంటే చెడిపోయింది. ఇట్లాంటి పాతిక మాటలు ల్యాబు గోడకు అతికిస్తే సగం భయం పోతుంది.

మూడో నంబరు కంప్యూటర్ కథ

వేసవి సెలవుల తర్వాత మన ల్యాబులో కంప్యూటర్లకు కొత్తగా సిస్టమ్ వేశారు. మూడో నంబరుది మర్నాడు ఉదయం నుంచే మొరాయించింది. ఏ వెబ్‌సైటు తెరిచినా "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని ఇంగ్లీషులో వచ్చేది. అప్‌డేట్లు కూడా దిగలేదు. వైరస్ అన్నారు. టౌను నుంచి వచ్చిన మెకానిక్ ఫార్మాట్ చేసి మళ్లీ వేశాడు. సాయంత్రం దాకా బాగుంది. తెల్లారితే మళ్లీ అదే. ఇంకో వారానికి రెండోసారి ఫార్మాట్ చేశాడు.

ఆ రెండోసారిలో పదో తరగతి అక్కలు టైపు చేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న 60 పేజీలు పోయాయి. అవి సెలవులకు ఇంటికెళ్లినప్పుడల్లా అవ్వల దగ్గర కూర్చుని రాసుకొచ్చిన కోయ పాటలు, పొడుపు కథలు. చిత్తు కాగితాలు కొన్ని మిగిలాయి, కొన్ని లేవు. మళ్లీ అడుగుదామంటే అందులో ఒక అవ్వ ఇప్పుడు లేదు. ఫార్మాట్ అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

తర్వాత మేం ముగ్గురం ఒక నోటుబుక్కు పెట్టాం. వారం రోజులు రోజుకు మూడుసార్లు ఆ కంప్యూటర్ ఎట్లా ఉందో రాశాం. గీతలు గీసి పక్కపక్కన చూస్తే సంగతి బయటపడింది. ఎర్రర్ ఉదయమే వస్తోంది. అదీ రాత్రి ల్యాబు మెయిన్ స్విచ్ కట్టేసిన మర్నాడే. స్విచ్ కట్టని ఒక్క రాత్రి తర్వాత మాత్రం రాలేదు. తెర మూలన తేదీ చూస్తే 2010 జనవరి 1 అని ఉంది!

సైన్సు సారుకు నోటుబుక్కు చూపించాం. సారు కరెంటు తీగ పీకేసి, మూత తెరిచి, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి బ్యాటరీ మార్చారు. దాని పేరు సీఆర్ 2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే కంప్యూటర్ పాత తేదీకి వెళ్లిపోతుంది. వెబ్‌సైట్లకు ఉండే సర్టిఫికెట్లు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకానే చెల్లుతాయి. 2010లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కు ఈనాటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే సురక్షితం కాదంది. దానికి తెలిసినంతలో అది నిజమే చెప్పింది. వినకుండా రెండుసార్లు ఇల్లు పీకి పందిరి వేశారు.

జాడ పట్టే పద్ధతి

కొత్త సిస్టమ్ వేశాక వచ్చే చిక్కులు ఎక్కువగా నాలుగైదు రకాలు. సారు దగ్గర అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నవి చెబుతాను.

ఒకటి, శబ్దం రాదు, నెట్ కలవదు, తెర మీద బొమ్మలు లావుగా సాగినట్టు ఉంటాయి. ఇది డ్రైవర్ లేని లక్షణం. డ్రైవర్ అంటే దుబాసీ లాంటిది. సిస్టమ్ మాట సౌండు కార్డుకు, దాని మాట సిస్టమ్‌కు చెబుతుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే దుబాసీ లేని భాగం పక్కన పసుపుపచ్చ గుర్తులో ఆశ్చర్యార్థకం ఉంటుంది. దాని మీద రెండుసార్లు నొక్కితే కోడ్ 28 అని ఉంటే డ్రైవర్ వేయలేదని అర్థం. కోడ్ 10 అయితే ఆ భాగం మొదలు కాలేకపోయింది. కంప్యూటర్ తయారుచేసిన కంపెనీ వెబ్‌సైటులో మోడల్ నంబరు కొట్టి డ్రైవర్ తెచ్చుకోవాలి. నెట్ డ్రైవరే లేకపోతే పక్క కంప్యూటర్‌లో దింపి పెన్‌డ్రైవ్‌లో తేవచ్చు.

రెండు, సిస్టమ్ అసలు మొదలవదు. "ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదు" అంటుంది. ముందు పెన్‌డ్రైవ్ ఇంకా గుచ్చి ఉందేమో చూడాలి. కంప్యూటర్ దాంట్లో వెతుకుతూ ఉండొచ్చు. లేదంటే బూట్ వరస మారి ఉండొచ్చు. "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వస్తే సిస్టమ్ తను ఉన్న డిస్కునే చేరుకోలేకపోతోందని అర్థం. డిస్కు తీగ వదులైనా, బయోస్‌లో డిస్కు సెట్టింగు మారినా అలా వస్తుంది. పాత కంప్యూటర్లలో నేను చెప్పిన ఆ చిన్న బ్యాటరీ చచ్చినా బయోస్ సెట్టింగులు మొదటికి పోతాయి. చూశారా, ఒక్క బిళ్ల ఎన్ని వేషాలు వేస్తుందో!

మూడు, నడుస్తూ నడుస్తూ నీలం తెర వస్తుంది. విండోస్ 11లో 2025 నుంచి దాన్ని నలుపు చేశారు. కింద స్టాప్ కోడ్ ఉంటుంది. రాసుకోవాల్సింది దాన్నే. ప్రతిసారీ అదే కోడ్ వస్తే డ్రైవర్ మీదో, సాఫ్ట్‌వేర్ మీదో అనుమానపడాలి. రోజుకో రకం వస్తుంటే ర్యామ్ మీదో, డిస్కు మీదో, వేడి మీదో అనుమానపడాలి. ఇది కచ్చితమైన చట్టం కాదు గానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. ర్యామ్‌ను పరీక్షించే సాధనం విండోస్‌లోనే ఉంది. చెడిన సిస్టమ్ ఫైళ్లను సరిచేసే ఆజ్ఞ కూడా ఉంది, ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ అంటారు.

నాలుగు, అక్షరాల బదులు డబ్బాలు కనబడతాయి. ఫైలు పాడైందని చెరిపేయకండి! ఆ లిపికి ఫాంటు లేదు, అంతే. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో వెలుగులోకి వచ్చిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అయినా ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ అక్షరాలు డబ్బాలుగానే కనిపిస్తాయి. నోటో వరుసలో దానికి ఉచిత ఫాంటు ఉంది. అది వేస్తే డబ్బాలు అక్షరాలవుతాయి.

ఐదు, ఎన్నిసార్లు వేసినా అదే చోట ఎర్రర్ వస్తుంది. అప్పుడు దింపుకున్న ఇన్‌స్టాలేషన్ ఫైలే సరిగా దిగలేదేమో చూడాలి. విత్తనం పుచ్చుదైతే పొలాన్ని ఎన్నిసార్లు దున్నినా ఏం లాభం?

అన్నిటికీ వర్తించే నియమం ఒకటుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చి చూడాలి, రాయాలి. తీగ, ర్యామ్, డ్రైవర్ మూడూ ఒకేసారి మారిస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. రేపు మళ్లీ వస్తే మళ్లీ చీకట్లో తడుములాటే.

ఒక్క ఫైలు

పెద్దవాళ్ల ప్రపంచంలోనూ ఇది రుజువైంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్‌లో లోపం ఉండి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర మీద ఆగిపోయాయి. విమానాలు నిలిచాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, అచ్చం మన గోడ పత్రిక లాగే! అన్ని కంప్యూటర్లను ఫార్మాట్ చేశారా? లేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, లోపమున్న ఆ ఒక్క ఫైలు తీసేసి, మళ్లీ మొదలుపెడితే చాలామందికి పని నడిచింది. ఆ ఒక్క ఫైలు ఏదో తెలియాలంటే ఎవరో ఒకరు ఎర్రర్ చదివి ఉండాలి గదా.

"మీరు ముట్టుకుంటే..."

కొందరు పెద్దలు అంటారు, పిల్లలు ముట్టుకుంటే పాడు చేస్తారని, అందులోనూ ఆడపిల్లలకు మెకానిక్ పనులేమిటని. చదివితే కంప్యూటర్ పాడవదు, రాసుకుంటే అసలే పాడవదు. మూత తెరవడం, బయోస్ మార్చడం సారు ఎదుట మాత్రమే చేద్దాం. పవర్ సప్లయ్ డబ్బాను ఎవరూ విప్పకూడదు, కరెంటు తీసేసినా దాంట్లో ప్రమాదకరమైన చార్జి నిలిచి ఉంటుంది. ఈ హద్దులు మనకు తెలుసు.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దని నేను అనడం లేదు. వైరస్ లోతుగా పట్టినా, డిస్కు మార్చినా తప్పదు. మెకానిక్ అన్నను తప్పు పట్టడమూ నా ఉద్దేశం కాదు. ఒక్క పూటలో ఊరంతా తిరిగే మనిషికి అదే దగ్గర దారి. కానీ అది చివరి మందు కావాలి, మొదటి మందు కాకూడదు. దానికి ముందు ఫైళ్లు బయటికి తీయాలి. సిస్టమ్ మొదలవకపోయినా, డిస్కు బాగుంటే, ఉబుంటు పెన్‌డ్రైవ్ గుచ్చి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి, ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు. డిస్కుకు తాళం వేసి ఉంటే మాత్రం ఆ తాళం కోడ్ కావాలి. ఈ పని చేసి ఉంటే ఆ 60 పేజీలు ఈ రోజు మన దగ్గర ఉండేవి.

నా ప్రతిపాదన

ల్యాబు తలుపుకు ఒక ఎర్రర్ నోటుబుక్కు దారంతో కట్టాలి. అందులో ఆరు గడులు: తేదీ, వేళ, ఏ నంబరు కంప్యూటర్, తెర మీద ఉన్న మాట ఉన్నదున్నట్టు, అంతకుముందు ఏం మారింది, ఏం చేస్తే ఏమైంది. ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరాల్లో రాసినా సరే. మెకానిక్ వస్తే ముందు ఈ పుస్తకం చేతికివ్వాలి. "ఫైళ్లు తీశారా?" అని అడిగే హక్కు ఆ రోజు ల్యాబు లీడరుకు ఉండాలి.

ఇది కొత్త ఆచారమేమీ కాదు. 1947 సెప్టెంబర్ 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే పెద్ద కంప్యూటర్ సరిగా పనిచేయకపోతే వెతికారు. ఒక రిలేలో దీపపు పురుగు చిక్కుకుని ఉంది. దాన్ని పారేయలేదు. వేళతో సహా లాగ్‌బుక్కులో రాసి, ఆ పురుగును పేజీకి టేపుతో అతికించారు. లోపాన్ని బగ్ అనడం అంతకుముందే ఉంది గానీ, నిజం పురుగు దొరికిందని వాళ్లు నవ్వుకుంటూ రాశారు. ఆ పేజీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది. అంత పెద్ద యంత్రం దగ్గర పనిచేసినవాళ్లకే నోటుబుక్కు కావాల్సి వచ్చింది, మనకు వద్దా?

నోటుబుక్కు నేను కొన్నాను. గడులు గీశాను. కట్టడానికి ప్రిన్సిపాల్ మేడం గారి అనుమతి ఒక్కటే కావాలి. నాతో ఏకీభవించేవాళ్లు ఈ పత్రిక కింద ఉన్న కాగితం మీద పేరు, తరగతి రాయండి. ఏకీభవించనివాళ్లు ఎందుకో రాయండి, వచ్చే నెల పత్రికలో జవాబిస్తాను.