ఏండ్ల లెక్కయా, దేహబలమా?

అరువదియైదేండ్లు దాటిన వారికి తీవ్ర లుకేమియా కలిగినదని తెలిసినంతనే, “ఈ వయస్సున ఇంకేమి చికిత్స?” యని బంధువులును, ఒక్కొక్కప్పుడు వైద్యులును ఆశ వదలుకొనుట కలదు. ఇది నేటి శాస్త్రమునకు విరుద్ధమని మా యభిప్రాయము.

తీవ్ర మైలాయిడ్ లుకేమియా ప్రధానముగా వార్ధక్యమున వచ్చు వ్యాధి. అమెరికాలో ఈ రోగుల మధ్యస్థ వయస్సు సుమారు 68 ఏండ్లు. మందులతో అణగినను వృద్ధులలో ఈ వ్యాధి తఱచుగా మరల తల యెత్తును. దానిని అణచి యుంచుటకు దాత మూలకణములను ఎక్కించుట బలమైన సాధనము.

ఎముకల మూలుగ మార్పిడికై 1957లో తొలి ప్రయత్నములను ప్రకటించిన డాక్టరు డొనాల్ థామస్‌నకు 1990లో నోబెల్ బహుమానము లభించెను. పాత పద్ధతిలో రోగి మూలుగను తీక్ష్ణమైన మందులతోను, కిరణములతోను నాశము చేయవలసి యుండెను; ముదిమి దేహము దాని నోర్వజాలదు. 1990ల చివర జెరూసలేము, హ్యూస్టన్, సియాటిల్ వైద్యులు ఆ తీవ్రతను తగ్గించి, వ్యాధికణములను చంపు పనిని దాత రక్షకకణములకే అప్పగించిరి. అందువలన డెబ్బదియేండ్ల వారిలో సయితము కొందఱికి ఈ చికిత్స సాధ్యమైనది.

ఇది నిరపాయకరమని మేము చెప్పము. దాతకణములు రోగి చర్మమును, ప్రేగులను, కాలేయమును పరాయివిగా నెంచి యెదిరింపవచ్చును, అంటువ్యాధులు ప్రాణము తీయవచ్చును, వ్యాధి తిరుగబెట్టవచ్చును. కావున గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు, నడచు శక్తి మున్నగువానిని పరీక్షించి నిర్ణయింపవలెను గాని జాతకచక్రమును చూచి కాదు. కొందఱికి వలదనుటయే వైద్యధర్మము. ఆ మాట పరీక్షకు తరువాత రావలెను, ముందు కాదు.

దాతకణముల దాడిని నివారించుటకు వాడు మందులలో మెతోట్రెక్సేట్ ఒకటి. దాని యావిర్భావముతో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ముడివడి యున్నది. తెలుగువాని మేధస్సు లోకమునకు ప్రాణదానము చేయుచుండగా తెలుగు వృద్ధునకు పరీక్షయైనను దక్కకుండుట న్యాయమా?

తోబుట్టువు కణములు పూర్తిగా సరిపోవు అవకాశము నాల్గింట నొకటి మాత్రమే. పైగా వృద్ధుల తోబుట్టువులును వృద్ధులే. నేడు సగము సరిపోలు కుమారుడో, కుమార్తెయో దాత కావచ్చును. కావున వ్యాధి తెలిసిన తొలిదినములలోనే రోగిని మార్పిడి జరుగు ఆస్పత్రికి పంపవలెను. యువకులు దాతల పట్టికలలో పేరు వ్రాయించుకొనవలెను. వయస్సు పేరిట ప్రభుత్వము ధనసహాయమును నిరాకరింపరాదు. పెద్దలను పూజించుట మన ధర్మమని చెప్పుకొను జాతి వారి ప్రాణమునకు వెల కట్టునప్పుడు ఏండ్లను లెక్కింపదని మేము విశ్వసించుచున్నాము.