అడవిని నిలబెట్టింది ఓ కొనుగోలు కాగితం

బెర్లిన్: నగరం పడమటి అంచున గ్రూనెవాల్డ్ అనే అడవి ఉంది. దాదాపు 3 వేల హెక్టార్లు, అంటే మన లెక్కలో 7,400 ఎకరాలు. లోకల్ రైలు దిగి నడిచి వెళ్ళేంత దగ్గర. రాజధాని నగరంలో, గజం జాగాకు కూడా గిరాకీ ఉన్నచోట ఇంత అడవి ఎలా మిగిలింది? నిర్మాణ రంగంలో పని చేసే మాలాంటి వాళ్ళకు ఈ సందేహం రాక మానదు. జర్మన్లకు చెట్లంటే ప్రాణం అని సరిపెట్టుకుంటాం. చరిత్ర చూస్తే అసలు సంగతి వేరే.

ఇది ఒకప్పుడు పాలకుల వేట అడవి. 1542లో కట్టిన వేట బంగళా ఇప్పటికీ ఉంది. 19వ శతాబ్దం చివర్లో నగరం పెరిగేసరికి రియల్ ఎస్టేట్ కన్ను దీని మీద పడింది. కుర్‌ఫ్యుర్‌స్టెన్‌డమ్ రోడ్డు వేసిన కంపెనీకి ప్రతిఫలంగా ఈ అడవిలో 234 హెక్టార్లు ఇచ్చారు. 1889 నుంచి అక్కడ సంపన్నుల విల్లాలు లేచాయి. రోడ్డు వేసిన వాడికి భూమి రాసివ్వడం అప్పుడే ఉందన్నమాట!

జనం ఊరుకోలేదు. 1904లో రెండు పత్రికలు పిలుపునిస్తే 30 వేల మంది సంతకాలు పెట్టారు. చివరికి బెర్లిన్, చుట్టుపక్కల పట్టణాలు కలిసి ఏర్పాటు చేసుకున్న సంఘం ప్రష్యా ప్రభుత్వం నుంచి అడవినే కొనేసింది. 1915 మార్చి 27న, ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 5 కోట్ల మార్కులకు సుమారు 10 వేల హెక్టార్లు. చదరపు మీటరుకు అర మార్కు పడిందన్నమాట. ఈ అడవిని అమ్మకూడదు, కట్టడాలు కట్టకూడదు, ఎప్పటికీ అడవిగానే ఉంచాలి అన్నది షరతు. అందుకే దానికి 'శాశ్వత అడవి ఒప్పందం' అని పేరొచ్చింది.

కాగితం ఉంటే చాలా? చాలదు. అడిగేవాళ్ళు లేని కాలంలో, 1937లో, హిట్లర్ ఇదే అడవిలో సైనిక సాంకేతిక కళాశాలకు పునాది వేశాడు. యుద్ధం ముగిశాక చలికి తాళలేక జనం సగానికి పైగా చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టుకున్నారు. ఆ కళాశాల మొండిగోడల మీదే బాంబులకు కూలిన ఇళ్ళ శిథిలాలు తెచ్చి పోశారు. అదే 120 మీటర్ల టాయ్‌ఫెల్స్‌బెర్గ్ గుట్ట. అయినా ఆ అడవి మొత్తాన్ని ప్లాట్లు చేసి అమ్మలేదు. మళ్ళీ మొక్కలు నాటారు. ఇప్పుడు బెర్లిన్ నగరం చేతిలో సుమారు 29 వేల హెక్టార్ల అడవి ఉంది.

అడవి బయట కూడా నియమాలు గట్టివే. బెర్లిన్‌లో కాండం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటిన చాలా రకాల చెట్లను అనుమతి లేకుండా కొట్టడానికి వీల్లేదు. పక్షులు గూళ్ళు కట్టే కాలం కాబట్టి మార్చి 1 నుంచి సెప్టెంబరు 30 దాకా నరకడంపై ఆంక్షలు మరీ ఎక్కువ. సైటు మీద షెడ్యూలు వేసేటప్పుడు మేము సిమెంటు కంటే ముందు ఈ తేదీలు చూసుకోవాలి.

ఇక మన హైదరాబాద్ సంగతి. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద 2025లో జరిగిన గొడవ తెలిసిందే. ఐటీ పార్కు కోసం మార్చి చివర్లో జేసీబీలు దిగాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. అప్పటికే సుమారు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. రికార్డుల్లో అది అడవి కాదు అన్నది ప్రభుత్వ వాదన. కంటికి అడవే, కాగితంలో కాదు! 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన కేబీఆర్ పార్కు మాత్రం బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ నడిబొడ్డున ఇంకా నిలిచి ఉంది. తేడా ఎక్కడుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. గల్ఫ్ నుంచైనా, జర్మనీ నుంచైనా మనం పంపే డబ్బు హైదరాబాద్ చుట్టూ ప్లాట్లకు కూడా పోతోంది. కొనేవాడు ఉన్నంతకాలం లేఅవుట్లు వేసేవాడు ఉంటాడు. ఇంటి దగ్గర తమ్ముడో బావో ప్లాటు చూశామని ఫోన్ చేస్తే గజం ధర ఒక్కటే అడిగి వదలొద్దు. పాత రికార్డులో ఆ సర్వే నంబరు ఏమని ఉందో, పక్కన చెరువో రిజర్వు ఫారెస్టో ఉందేమో కూడా అడగాలి. బెర్లిన్ జనం అడవి కాగితాన్ని తమ పేర రాయించుకున్నారు. మన నగరాల్లో మిగిలిన పచ్చని భూములకు కూడా అలాంటి కాగితం కావాలి. ఏ ప్రభుత్వం వచ్చినా చెరపలేనట్టుగా ఉండాలి. ఓట్లడిగే నాయకులను మన ఊళ్ళో వాళ్ళు ముందుగా నిలదీయాల్సింది దీని గురించే.