ఇంటినిండ జనమున్నను



ఏకాంతము వేరు, ఒంటరితనము వేరు. జపమునకు, పఠనమునకు ఏకాంతమును మనమే కోరుకొందుము. ఒంటరితనము కోరకయే వచ్చును. ఇంటినిండ జనమున్నను వచ్చును.

ఐశ్వర్యమున్నచోట ఈ బాధ ఉండదని తలచుట పొరపాటు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అప్పటి సర్జన్ జనరల్, భారత సంతతివారైన డాక్టరు వివేక్ మూర్తిగారు 2023 మే నెలలో దీనిని గురించి ఒక హెచ్చరిక పత్రమును వెలువరించిరి. ఆ దేశపు వయోజనులలో సుమారు సగముమంది ఒంటరితనమును ఎరిగినవారేనని అందు కలదు. 1960లో నూటికి 13 ఇండ్లలో ఒక్కరే నివసించుచుండగా, 2022 నాటికి అట్టి ఇండ్లు 29 అయినవి. నలుగురితో సంబంధము కొరవడినవారికి గుండెజబ్బు భయము నూటికి 29 వంతులు, పక్షవాత భయము 32 వంతులు హెచ్చునని కూడ ఆ పత్రము తెలుపుచున్నది.

ఆ దేశమున బిడ్డలయొద్దకు చేరిన మన తెలుగు పెద్దలను తలంతము. సౌకర్యములకు లోటులేదు. కాని కొడుకు, కోడలు ఉదయమే పనికి పోదురు. మనుమలు బడికి పోదురు. కారు నడుపనేరనివారు పెక్కు ఊళ్లలో అంగడికైనను పోజాలరు. సాయంకాలము మనుమలు ఇంగ్లీషున బదులు చెప్పుదురు. స్వగ్రామమున పదిమందికి సలహా చెప్పినవారిని అక్కడ సలహా అడుగువారుండరు. బిడ్డలకు ప్రేమ లేక కాదు. తమతో ఎవరికిని పనిలేదను తలంపే వారిని క్రుంగదీయును.

1970 దశకమున పిట్స్‌బర్గు చెంత వెలసిన శ్రీ వేంకటేశ్వరాలయము వంటి ఆలయములు అట్టివారికి దర్శనముతోపాటు స్వభాషలో మాటాడు చోటును ఇచ్చినవి. పూలదండలు గ్రుచ్చుటయో, పిల్లలకు అక్షరములు నేర్పుటయో ఒక పని దొరకిన పెద్దలకు వారమున ఎదురుచూచుటకు ఒక దినము ఏర్పడును.

మన ద్వీపమున ఈ బాధ లేదందుమా? మన పూర్వులు చెరకు తోటలలో గోడకు గోడ ఆనిన ఇండ్లలో బ్రతికిరి. నేడు ఇండ్లు పెద్దవైనవి, పిల్లలు దూరదేశములకేగిరి.

కావున మా మనవి ఇది. ఆలయమున ఒంటిగా కూర్చున్న పెద్దలను కుశలమడిగి ఊరకుండక, ఏదైన ఒక పని అడుగుడు: పులిహోర కలుపు తీరు చెప్పుమనుడు, భజనలో ఒక కీర్తన ఎత్తుకొమ్మనుడు. ఆలయమునకు రాలేనివారికి ప్రసాదమును ఎవరిచేతనో పంపక, మీరే కొనిపోయి కొంతసేపు కూర్చుండి రండు.