తప్పు చేయనివాడికి దెబ్బలెందుకు?

గత సంవత్సరం మా ఎనిమిదో తరగతి పిల్లలు గోడపత్రిక కోసం ఒక బొమ్మల కథ తయారుచేశారు. కథ షేక్‌స్పియర్‌ది, ‘ది కామెడీ ఆఫ్ ఎర్రర్స్’. మొదటి ప్రతి క్లాసులో చేతులు మారుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. వెనక బెంచీలో ఒక అబ్బాయి మాత్రం నవ్వలేదు. “మేడమ్, వీడు ఏ తప్పూ చేయలేదు కదా! మరి వీణ్ణి కొడుతుంటే మనకి నవ్వెందుకు వస్తోంది?” అని అడిగాడు.

వెంటనే చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. పిల్లల కోసం ఒక పెద్ద రచయిత నాటకాన్ని బొమ్మల్లోకి మార్చేటప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అనే విషయంలో నా అభిప్రాయం ఆ ప్రశ్న నుంచే పుట్టింది.

కథ తెలియనివారి కోసం రెండు మాటలు. ఎఫెసస్, సిరక్యూజ్ అనే రెండు పట్టణాలకు వైరం. సిరక్యూజ్ వర్తకుడు ఎవరైనా ఎఫెసస్‌లో కాలు పెడితే వెయ్యి మార్కులు కట్టాలి, లేదంటే ప్రాణం పోతుంది. (వెయ్యి మార్కులు అనగానే మా క్లాసు ఉలిక్కిపడింది. అది అప్పటి డబ్బు లెక్క అని చెప్పాకగానీ ఊపిరి పీల్చుకోలేదు.) తన కొడుకులను వెతుక్కుంటూ వచ్చి ఏజియన్ అనే ముసలి వర్తకుడు అక్కడ పట్టుబడతాడు. సూర్యాస్తమయం వరకు గడువు. ఆయన కొడుకులు కవలలు, ఇద్దరి పేరూ ఆంటిఫొలస్. వాళ్ళ సేవకులూ కవలలే, ఇద్దరి పేరూ డ్రోమియో. చిన్నప్పుడు ఓడ ప్రమాదంలో విడిపోయి ఒక జత ఎఫెసస్‌లో, ఇంకో జత సిరక్యూజ్‌లో పెరిగింది. సిరక్యూజ్ జత సరిగ్గా అదే రోజు ఎఫెసస్‌లో దిగుతుంది. ఇక చూడండి! ఒకరు చేయించిన బంగారు గొలుసు ఇంకొకరి చేతికి వస్తుంది. ఒకరి భార్య ఇంకొకరిని భర్త అనుకుని భోజనానికి లాక్కుపోతుంది. అసలు భర్త వచ్చేసరికి తలుపు గడియ పడి ఉంటుంది. ఒక డ్రోమియోకు చెప్పిన పనికి ఇంకో డ్రోమియో జవాబు చెబుతాడు, యజమానికి కోపం వస్తుంది, దెబ్బలు పడతాయి.

ఇలాంటి నాటకాన్ని కామిక్‌గా మారిస్తే దాన్ని పలచన చేసినట్టేనని కొందరు పెద్దల అభిప్రాయం. ఆ మాటతో నేను ఏకీభవించను. ఈ నాటకం 1594 డిసెంబర్ 28 రాత్రి లండన్‌లోని గ్రేస్ ఇన్‌లో ఆడినట్టు దాఖలా ఉంది. అది న్యాయశాస్త్రం చదివే యువకులుండే చోటు, అప్పుడు పండుగ రోజులు. అంటే మొదట్లోనే ఇది విద్యార్థులను నవ్వించిన నాటకం. మన దేశంలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1869లో దీన్ని ‘భ్రాంతివిలాస్’ పేరుతో బెంగాలీ వచన కథగా రాశారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘చమత్కార రత్నావళి’గా తెలుగు చేసి, 1880లో రాజమహేంద్రవరంలో విద్యార్థులతో ఆడించారు. 1982లో గుల్జార్ దీన్ని ‘అంగూర్’ సినిమాగా తీశారు. కథ ప్రతిసారీ కొత్త బట్టలు వేసుకుంది, దాని ప్రాణం మాత్రం పోలేదు. వీరేశలింగంగారు కూడా తెలుగు మాస్టారే. ఆయన పిల్లల చేత వేషాలు వేయించారు, మేము బొమ్మలు వేయించాం.

ఇంకొందరు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఆలోచిస్తారు. “పిల్లలకే కదా, నాలుగు జోకులు చాలు” అంటారు. మొదట్లో నేనూ అదే పొరపాటు చేశాను. నవ్వుల కథలో మరణశిక్ష ఎందుకని ఏజియన్‌ను తీసేయమన్నాను. తీరా చూస్తే కథ సగానికొచ్చేసరికి పిల్లలకే విసుగొచ్చింది. ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం రెండుసార్లు బాగుంటుంది, పదోసారి ఏం బాగుంటుంది? ముసలాయనను మళ్ళీ కథలోకి తెచ్చాం. అప్పుడు ఒక అమ్మాయి ప్రతి పేజీ మూలనా చిన్న సూర్యుణ్ణి గీసింది. పేజీ తిప్పేకొద్దీ సూర్యుడు దిగిపోతుంటాడు. మాట ఒక్కటీ లేదు, అయినా చదివేవాళ్ళ గుండెల్లో దడ మొదలైంది. ఇంతమంది ఒకరినొకరు పోల్చుకోలేక తిరుగుతుంటే అక్కడ ఒక తండ్రి ప్రాణం పోతోందన్న భయం వల్లే ఆ నవ్వుకు విలువ వచ్చింది.

బొమ్మల కథలో అసలు చిక్కు కవలలతోనే. మొదట ఇద్దరికీ వేరువేరు రంగుల చొక్కాలు వేశాం. దాంతో ఆ తేడా కూడా కనిపెట్టలేని ఊరివాళ్ళంతా తెలివితక్కువవాళ్ళలా కనిపించారు. అచ్చంగా ఒకేలా గీస్తే మేమే తికమకపడ్డాం. ఒకరికి మన కోస్తా యాస, ఇంకొకరికి తెలంగాణ యాస పెడదామని ఎవరో అన్నారు. పదో తరగతి అమ్మాయి ఒకరు వెంటనే కాదన్నారు. మన నవోదయలో తొమ్మిదో తరగతి పిల్లల్లో కొందరు ఒక సంవత్సరం పాటు హిందీ ప్రాంతపు విద్యాలయానికి వెళ్ళి చదువుకుంటారు కదా, ఆ అమ్మాయి అలా వెళ్ళివచ్చింది. “అక్కడ నేను నోరు విప్పగానే బయటి పిల్లనని తెలిసిపోయేది మేడమ్. యాస పెడితే ఆ భార్య ఒక్క మాటకే పట్టేస్తుంది” అంది. నిజమే కదా!

చివరికి ఉపాయం బుడగల్లో దొరికింది. ఎఫెసస్ జత మాటల బుడగకు గుండ్రటి గీత, సిరక్యూజ్ జత బుడగకు అలల గీత. సముద్రం దాటి వచ్చారు కాబట్టి అలలు. బుడగ ఆకారం చదివేవాళ్ళకు తెలుస్తుంది, కథలోనివాళ్ళకు తెలియదు. రంగస్థలం మీద గానీ, సినిమాలో గానీ ఇది సాధ్యం కాదు. కామిక్ అంటే నాటకానికి చేతకాని తమ్ముడు కాదు, దాని విద్య దానికుందని నాకు ఆ రోజే అర్థమైంది.

మరి ఏం తీసేశాం? ఇంగ్లిష్ మాటల మీద ఆడిన శ్లేషలు తీసేశాం, అవి తెలుగులోకి రావు. వంటింటి పనిమనిషి లావును వెక్కిరించే సంభాషణ ఒకటుంది, అదీ తీసేశాం. నాలుగు వందల ఏళ్ళ కిందట దానికి నవ్వి ఉండవచ్చు. మా క్లాసులో ఆ పేజీ చేతికి రాగానే తల దించుకునే పిల్లలున్నారు. వాళ్ళను బాధపెట్టి మిగతావాళ్ళను నవ్వించడం నాకు ఇష్టం లేదు.

అలాంటప్పుడు డ్రోమియో తినే దెబ్బలు కూడా తీసేయవచ్చు కదా అని అడగవచ్చు. వద్దనే నా అభిప్రాయం. ఈ నాటకానికి ఆధారం ప్లాటస్ అనే రోమన్ రచయిత రాసిన ‘మెనేక్మి’. అందులో కవలల జత ఒకటే. సేవకుల జతను కలిపింది షేక్‌స్పియరే. ఊరికే నవ్వించడానికే కలిపాడని అనుకోలేం. పుట్టినప్పటి నుంచి సేవ చేస్తున్నా దెబ్బలు తప్ప మరేమీ దక్కలేదని డ్రోమియో చేత చెప్పిస్తాడు. ఆ మాట తీసేసి దెబ్బ ఒక్కటే ఉంచితే అది క్రూరత్వం. దెబ్బ కూడా తీసేస్తే అది అబద్ధం. పెద్దవాళ్ళ పొరపాటుకు చిన్నవాళ్ళు దెబ్బలు తినడం పిల్లలకు తెలియని విషయమా?

మా మొదటి ప్రతిలో దెబ్బ పడిన ప్రతిచోటా చుక్కలు, పెద్ద అక్షరాలతో ‘ధబ్’ అని శబ్దం. అందుకే అంత నవ్వు. ఆ అబ్బాయి అడిగిన తరువాత ఒక్క గడి మార్చాం. కొట్టే చెయ్యి లేదు, చుక్కలు లేవు, బుడగ లేదు. డ్రోమియో ఒక్కడే అరుగు మీద కూర్చుని చెంప తడుముకుంటున్నాడు, అంతే. రెండోసారి చదివినప్పుడు ఆ గడి దగ్గర క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. తరువాతి పేజీలో మళ్ళీ నవ్వారు. ఆ అబ్బాయి కూడా నవ్వాడు. అతని ప్రశ్నకు నేను చెప్పలేని జవాబు బహుశా ఆ గడిలో ఉంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది నేను పనిచేస్తున్న ఐదో విద్యాలయం. ప్రతి బదిలీలోనూ పెట్టెలు దించిన మొదటి రోజు ఒకేలా ఉంటుంది: ఎవరికీ మన పేరు తెలియదు. ఒక చోట రెండు వారాల పాటు పిల్లలు నన్ను పాత మేడమ్ పేరుతోనే పిలిచారు, నేనూ పలికాను! సిరక్యూజ్ ఆంటిఫొలస్‌కు కొత్త ఊళ్ళో అందరూ పేరు పెట్టి పిలిచి పలకరిస్తుంటే భయమేసింది ఎందుకో నాకు తెలుసు. వాళ్ళు చూస్తున్నది తనను కాదు. అన్నను వెతుకుతూ తిరిగే తనను, సముద్రంలో మరో బొట్టు కోసం వెతికే నీటిబొట్టులా ఊహించుకుంటాడు. హిందీ ప్రాంతం నుంచి మా దగ్గరికి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లలు మా గోడపత్రిక ముందు చాలాసేపు నిలబడ్డారు. తెలుగు అక్షరాలు ఇంకా కూడబలుక్కుంటూనే, అలల బుడగ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టింది వాళ్ళే.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలకు తయారుగా ఉన్న కామిక్ చదవమని ఇవ్వడంతో ఆగిపోకండి, వాళ్ళ చేతనే చేయించండి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని వాళ్ళే వాదించుకోవాలి. మాటలు తగ్గించండి, బొమ్మలు పెంచండి, కానీ కథలోని భయాన్ని, అన్యాయాన్ని తుడిచేయకండి. నాటకం చివర యజమానులంతా లోపలికి వెళ్ళిపోయాక ఇద్దరు డ్రోమియోలు మిగులుతారు. ఎవరు పెద్ద, ఎవరు ముందు నడవాలి అని కాసేపు తర్కించుకుని, చివరికి చెయ్యీ చెయ్యీ పట్టుకుని పక్కపక్కనే నడిచిపోతారు.

ఆ చివరి గడి ఎవరు గీస్తారని అడిగితే వెనక బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు. ఒకడి బుడగకు గుండ్రటి గీత, ఇంకొకడిదానికి అలల గీత గీశాడు. రెండింటిలోనూ ఏమీ రాయలేదు. ఏమైనా రాయమని నేనూ అడగలేదు.