పట్టాల మీది పని ఎవరిది?

1874లో మొదలైన సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌ను ఇప్పుడు దాదాపు 720 కోట్లతో విమానాశ్రయంలా తిరిగి కడుతున్నారు. పాత ముఖద్వారం కూల్చినప్పుడు వారసత్వం పోయిందని చాలామంది బాధపడ్డారు. ఆ కమాన్లు నాకూ ఇష్టమే. కానీ ఆ నీడలోనే పట్టాల మీద మలం ఎత్తిన చేతులు ఏ వారసత్వంలోకి వస్తాయి?

పాకీపనిని నిషేధించిన 2013 చట్టమే రైలు పెట్టెల మరుగుదొడ్లకు మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వం చెప్పిన పరికరాలు, తొడుగులు వాడి శుభ్రం చేస్తే చాలట. గ్లౌజు తొడిగితే పనికి అంటిన కులం పోతుందా? పట్టాల మీద ఈ పనిని గడువు పెట్టుకుని ఆపాలని 2014లో సఫాయి కర్మచారి ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు రైల్వేకు చెప్పాల్సి వచ్చింది.

బయో టాయిలెట్లు వచ్చాయి, మంచిదే. కానీ ఊడ్చే పని కాంట్రాక్టరు చేతికి పోయింది. అక్కడ రిజర్వేషన్ లేదు, రైల్వే ఉద్యోగి హోదా లేదు. చీపురు మాత్రం మన వాడలకే వస్తోంది.

విద్యార్థి మిత్రులారా, సమాచార హక్కు కింద అడగండి: ఆ స్టేషన్‌లో కాంట్రాక్టు సఫాయి కార్మికులు ఎందరు? చేతికందే జీతమెంత? కొత్త భవనంలో వాళ్లు కూర్చుని అన్నం తినే గది ఎక్కడ?

జై భీమ్.